రెండు ఓమ్‌ల తీపి: నాలుగు పవర్ యాంప్లిఫయర్ల ప్రాజెక్టు డైరీ

మాఘం, శుక్లపక్షం

ఇంట్లో పోగైన నాలుగు పవర్ యాంప్లిఫయర్లను ఒకే గదిలో, ఒకే స్పీకర్ల మీద, ఒకే శబ్దస్థాయిలో, మోగుతున్నది ఏదో తెలియకుండా వినాలి. తేడా ఉందో లేదో తేల్చాలి. ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి. ఈ ప్రాజెక్టు పని అంతే.

"వాల్వు తీయగా పలుకుతుంది, ట్రాన్సిస్టర్ గరుగ్గా ఉంటుంది, ఐసీలో ప్రాణం ఉండదు, క్లాస్-డి చెవిలో గుచ్చుకుంటుంది." కోనసీమలో పాత రికార్డులు, క్యాసెట్లు దాచుకున్న ఏ ఇంటికి వెళ్లినా ఈ తీర్పు వినిపిస్తుంది. ఆ మాటను నేను కొట్టిపారేయను. ఏళ్ల తరబడి చెవి పెట్టి విన్నవాళ్లు చెబుతున్న మాట అది. నా సందేహం వేరు. వాళ్లు విన్నది యాంప్లిఫయర్‌నేనా, దాని చుట్టూ ఉన్న మరేదైనానా?

నాలుగింటిలో వయసులో పెద్దది పెదనాన్నగారు స్వయంగా కట్టుకున్న వాల్వు (పాతకాలపు గాజు గొట్టం) సెట్టు. ఒక్కో చానెల్‌కు రెండు ఈఎల్84 వాల్వులు పుష్-పుల్‌లో ఉంటాయి. పది వాట్లు ఇస్తుంది. ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పులు సరిదిద్దే ఏర్పాటు) చాలా తక్కువ పెట్టారు. అదే దాని అందమని ఆయన అనేవారు. రెండోది ఎనభైల్లో రాజమహేంద్రవరంలో అసెంబుల్ చేయించిన 2ఎన్3055 ట్రాన్సిస్టర్ల సెట్టు. మూడోది నేను కట్టిన ఎల్ఎం3886 ఐసీ (సర్క్యూటంతా ఒకే చిప్పులో ఉండేది) యాంప్లిఫయర్: 22-0-22 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, అరచేతంత వెడల్పు హీట్‌సింకు. ప్లస్, మైనస్ 28 వోల్టుల దగ్గర ఎనిమిది ఓమ్‌లకు 38 వాట్లు వస్తుందని డేటాషీటు చెబుతుంది. నాలుగోది టీపీఏ3116 చిప్పున్న క్లాస్-డి (ట్రాన్సిస్టర్లను చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిచే రకం) బోర్డు. అగ్గిపెట్టెకు కాస్త పెద్దది. 24 వోల్టుల ఎస్ఎంపీఎస్ (ల్యాప్‌టాప్ చార్జర్ లాంటి పవర్ సప్లై) మీద నడుస్తుంది. నాలుగింటిలో అన్నిటికన్నా చవక ఇదే.

స్పీకర్లు మేము చేయించుకున్నవే. బేస్‌కు ఆరున్నర అంగుళాల వూఫర్, సన్నటి శబ్దాలకు ఒక డోమ్ ట్వీటర్, టేకు పెట్టె. పేరుకు ఎనిమిది ఓమ్‌లు (ఓమ్ అంటే కరెంటుకు అడ్డు కొలత). ఈ "పేరుకు" అన్న మాట దగ్గరికి తర్వాత వస్తాను.

వినడానికి ఏం పెట్టాలన్నది కూడా ఆలోచించి ఎంచుకున్నాను. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారి వీణ, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబుగారి వీణ. తీగ మీటిన తర్వాత నాదం సన్నగిల్లుతూ నిశ్శబ్దంలో కలిసేదాకా చెవి దాని వెంట వెళుతుంది. యాంప్లిఫయర్‌లో చిన్న లోపమున్నా అక్కడ దొరుకుతుంది. గాత్రానికి బాలమురళీకృష్ణగారు. ఆయన 1930లో పుట్టిన శంకరగుప్తం మాకు పక్క ఊరే, ఆ గొంతు మా ఇంట్లో వినపడని రోజుండదు. వీటన్నిటికీ తోడు అంతర్వేది కల్యాణం తీర్థంలో నా చేతి రికార్డర్‌తో నేనే పట్టిన సన్నాయి మేళం. ఆ డోలు దెబ్బ ఎదురుగా నిలబడి విన్నాను కాబట్టి అది ఎలా ఉండాలో నాకు తెలుసు.

మాఘం, కృష్ణపక్షం

చెడిపోయిన దాన్ని బాగున్న దానితో పోల్చి "ఈ జాతి ఇలాగే మోగుతుంది" అనడం న్యాయం కాదు. ముందు 2ఎన్3055 సెట్టుకు వైద్యం చేయాలి. దాన్ని రాజోలులో రేడియో మెకానిక్ బాబాయి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మూత తీయకుండానే అన్న మొదటి మాట: "అబ్బాయ్, సీరీస్ బల్బు లేకుండా దీన్ని ప్లగ్గులో పెట్టొద్దు."

ఏళ్లుగా మోగని సెట్టును నేరుగా కరెంటుకు తగిలిస్తే, లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. వంద వాట్ల బల్బును సీరీస్‌లో పెడితే ఆ భారం బల్బు మోస్తుంది. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే లోపల అంతా సరిగ్గా ఉన్నట్టు. వెలుగుతూనే ఉంటే వెంటనే తీసేయాలి. మాది మసకబారింది.

అసలు జబ్బులు రెండు బయటపడ్డాయి. ఈ సెట్టులో స్పీకరుకు వెళ్లే దారిలో 2200 మైక్రోఫారడ్ల పెద్ద కండెన్సర్ ఉంటుంది. బాబాయి మీటరు పెడితే అది 500 దగ్గర ఆగింది. లెక్క చూడండి: 2200 ఉన్నప్పుడు ఎనిమిది ఓమ్‌ల స్పీకరుతో బేస్ తగ్గడం మొదలయ్యేది 9 హెర్ట్‌జ్ దగ్గర, మన చెవికి అందని చోట. 500కి పడిపోతే అది 40 హెర్ట్‌జ్‌కు ఎక్కి కూర్చుంటుంది. "పాత ట్రాన్సిస్టర్ సెట్లలో బేస్ ఉండదు" అనే మాటకు సగం కారణం ఎండిపోయిన కండెన్సర్లేనని బాబాయి అంటారు. వేడికి ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ ఆయుష్షు త్వరగా కరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే సగానికి పడుతుందన్నది ఆ పనివాళ్ల లెక్క. మా ఊళ్లలో అటక మీద నాలుగు వేసవులు గడిపిన సెట్టు సంగతి ఇక చెప్పాలా!

రెండోది బయాస్. పుష్-పుల్‌లో తరంగం పై సగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కింది సగాన్ని ఇంకొకటి మోస్తాయి. ఒకటి వదిలి ఇంకొకటి అందుకునే చోట రెండూ కొంచెం మేలుకుని ఉండాలి. అందుకే ఏ శబ్దమూ లేనప్పుడు కూడా వాటిలో చిన్న కరెంటు పారుతుంది. అది లేకపోతే సున్నా దాటే ప్రతిసారీ తరంగం విరుగుతుంది. పెద్ద శబ్దంలో ఆ విరుపు కలిసిపోతుంది, చిన్న శబ్దంలో అదే పైకి తేలుతుంది. వీణ నాదం చివర ఇసుక రాసినట్టు వినిపించింది ఇదే. ఓసిల్లోస్కోపు తెర మీద నున్నటి అలకు నడుమ చిన్న మెట్టు స్పష్టంగా కనిపించింది. ఎమిటర్ రెసిస్టర్లు 0.22 ఓమ్‌లవి. వాటి మీద 20 మిల్లీవోల్టుల పైచిలుకు వచ్చేదాకా ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టర్) తిప్పుతూ పోయారు బాబాయి. అంటే వంద మిల్లీయాంపుల చిల్లర కరెంటు. తెర మీద మెట్టు కరిగిపోయింది. అరగంట వేడెక్కనిచ్చి మళ్లీ చూసి, మళ్లీ సరిచేశారు. వేడికి ఆ విలువ జరుగుతుంది కాబట్టి రెండోసారి చూడడం తప్పనిసరి.

వెనక సాకెట్లకు సముద్రపు గాలికి పట్టిన పచ్చటి చిలుము గీకి, కొత్తవి వేశాం. ఆ పని గురించి ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

ఫాల్గుణం

పోల్చాలంటే క్షణంలో ఒకదాని నుంచి ఇంకొకదానికి మారాలి. తీగలు విప్పి, మళ్లీ బిగించి, కుర్చీలో కూర్చునేలోగా చెవికి ఇందాకటి శబ్దం గుర్తుండదు. అందుకే రిలేల (కరెంటుతో మారే స్విచ్‌ల) పెట్టె.

ఈ పెట్టెలో రెండు జాగ్రత్తలు ప్రాణంతో సమానం. మొదటిది క్లాస్-డి వల్ల వచ్చింది. మామూలు యాంప్లిఫయర్‌లో స్పీకర్ మైనస్ తీగ అంటే గ్రౌండే. టీపీఏ3116లో అలా కాదు. స్పీకరు రెండు తీగలనూ యాంప్లిఫయర్ నడుపుతుంది, రెండూ సప్లైలో సగం వోల్టేజి మీద, అంటే 12 వోల్టుల మీద నిలబడి ఉంటాయి. అన్ని యాంప్లిఫయర్ల మైనస్‌లనూ కలిపేసి ప్లస్‌లను మాత్రమే మార్చే పెట్టె కడితే ఆ బోర్డు షార్ట్ అవుతుంది. రెండు తీగలూ రిలే గుండానే వెళ్లాలి. కాబట్టి ఒక్కో చానెల్‌కు ఒక డీపీడీటీ రిలే (రెండు తీగలను ఒకేసారి మార్చేది). రెండోది వాల్వు వల్ల. వాల్వు యాంప్లిఫయర్‌కు స్పీకరు తీసేసి పాట నడిపితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్లలో వోల్టేజి విపరీతంగా పెరిగి ఇన్సులేషన్ కాలిపోతుంది. పెదనాన్నగారు చేత్తో చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్లవి, మళ్లీ దొరకవు. అందుకని యాంప్లిఫయర్ తీగలను రిలే నడిమి కాళ్లకు కట్టాను. రిలే పడుకుని ఉన్నప్పుడు అవి ఎనిమిది ఓమ్‌ల, 25 వాట్ల వైరు చుట్టిన రెసిస్టర్‌కు తగులుతాయి. రిలే లేస్తే స్పీకరుకు తగులుతాయి. పాట స్పీకరులో మోగనప్పుడు ఆ రెసిస్టర్ వెచ్చబడుతూ ఉంటుంది.

రిలేల చప్పుడు కూడా సమాచారమే. మార్చినప్పుడు మాత్రమే టక్కుమంటే వినేవాడికి మారిందని తెలిసిపోతుంది. అందుకే మీట నొక్కిన ప్రతిసారీ, ఉన్నది ఉన్నట్టే ఉంచాల్సి వచ్చినా, రిలేలన్నీ ఒకసారి పడి మళ్లీ లేచేలా పెట్టాను.

ఇక స్థాయి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. రెండు శబ్దాల్లో ఒకటి అర డీబీ (డెసిబెల్, శబ్దస్థాయి కొలత) ఎక్కువైతే దాన్ని మనం "బిగ్గరగా ఉంది" అనం. "నిండుగా ఉంది, తేటగా ఉంది, దగ్గరగా ఉంది" అంటాం. దుకాణంలో పక్కపక్కన పెట్టి వినిపించినప్పుడు నూటికి తొంభై తీర్పులు ఇక్కడే పుడతాయని నా గట్టి నమ్మకం. స్థాయి కలపకుండా యాంప్లిఫయర్లను పోల్చడమంటే రెండు వేర్వేరు తక్కెడల్లో తూచి బియ్యం బరువు గురించి వాదించుకోవడమే.

స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి, 400 హెర్ట్‌జ్ నాదం పంపి, అన్నిటినీ 2.83 వోల్టులకు తెచ్చాను. ఎనిమిది ఓమ్‌లకు అది ఒక వాటు. చవక మల్టీమీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర సరిగ్గా చదవవు కాబట్టి 400 దాటి పోలేదు. అనుమతించిన తేడా 0.1 డీబీ, అంటే 2.83 ఉన్నచోట 2.86 కన్నా ఎక్కువ రాకూడదు. మామూలు వాల్యూమ్ కంట్రోల్‌తో అంత సూక్ష్మంగా నిలపడం కుదరదు. పది చుట్లు తిరిగే ప్రీసెట్లు వేస్తే కుదిరింది.

ఫాల్గుణం, పున్నమి దాటాక

ఇలాంటి పరీక్ష మనకు కొత్తేమీ కాదు. ఇంగ్లండులో పీటర్ వాకర్ నడిపిన క్వాడ్ కంపెనీ 1978లో తన మూడు తరాల యాంప్లిఫయర్లను అనుభవజ్ఞులైన శ్రోతల ముందు పెట్టింది: వాల్వులతో నడిచే క్వాడ్ టూ, ట్రాన్సిస్టర్ల 303, ఆ తర్వాతి 405. స్థాయి కలిపి, పేరు దాచి వినిపిస్తే ఏది ఏదో విడదీయలేకపోయారు. డేవిడ్ క్లార్క్ 1982లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఈ పద్ధతికి తగిన పెట్టె గురించి వివరంగా రాశాడు. ఏ, బీ రెండూ వినాలి, తర్వాత ఎక్స్ వినాలి, ఎక్స్ ఏదో చెప్పాలి. నేను అనుసరిస్తున్నది దాన్నే.

ఒక్కో జతకు, ఒక్కో శ్రోతకు పదహారు ప్రశ్నలు. కళ్లు మూసుకుని ఊహించినా సగం ఎలాగూ కలుస్తాయి. 12 లేదా అంతకన్నా ఎక్కువ ఊహతో కలవడం నూటికి నాలుగు సార్లలోపే జరుగుతుంది. అందుకే 12కు చేరితేనే "తేడా వినిపించింది" అని రాసుకోవాలని ముందే నిర్ణయించాను. ముందే నిర్ణయించడం ముఖ్యం. ఫలితం చూశాక గీత గీస్తే ఎవరికి కావలసిన చోట వాళ్లు గీస్తారు.

మీట నొక్కేది మా మేనల్లుడు. వరండాలో, గోడ అవతల కూర్చుని నాణెం ఎగరేసి, పడ్డదాని ప్రకారం నొక్కుతాడు. వినేది నేను, మా ఆవిడ, పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి వచ్చే వయొలిన్ మాస్టారు, మెకానిక్ బాబాయి. పొద్దున్నే, పక్షుల గోల తగ్గాక, ఫ్యాను ఆపేసి.

బాగుచేసిన 2ఎన్3055 సెట్టుకూ ఐసీకీ మధ్య అందరి లెక్కా సగం చుట్టూ తిరిగింది. బయాస్ సరిచేయకముందు బాబాయి దుకాణంలో విన్నప్పుడు వీణ చివర ఇసుక ఎవరికైనా వినిపించేది. ఇప్పుడు మాస్టారు చెవికి కూడా దొరకలేదు. ట్రాన్సిస్టర్ గరుకుదనం అన్నది ట్రాన్సిస్టర్‌లో లేదు, ఆ ప్రీసెట్‌లో ఉంది.

క్లాస్-డికీ ఐసీకీ మధ్య కూడా అంతే. నిజం చెప్పాలంటే ఇక్కడ తేడా దొరుకుతుందనే అనుకున్నాను. క్లాస్-డి చిప్పు ఔట్‌పుట్‌లో ఒక కాయిల్, ఒక కండెన్సర్ ఫిల్టరుగా ఉంటాయి. మా బోర్డులో 10 మైక్రోహెన్రీలు, 0.68 మైక్రోఫారడ్లు. స్పీకర్ ఇంపెడెన్స్‌ను (ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర అది కరెంటుకు చూపే అడ్డును) బట్టి 20 కిలోహెర్ట్‌జ్ దగ్గర అర డీబీ నుంచి ఒక డీబీ దాకా పైకి లేస్తుంది. కాని ఆ ఎత్తులో సన్నాయిలో ఉండేదీ కొంచెమే, నడివయసు చెవికి అందేదీ కొంచెమే. మేనల్లుడిని కూడా కూర్చోబెట్టి, మీట బాబాయి చేతికిచ్చి చూశాను. వాడూ 12కు చేరలేదు.

వాల్వుకూ ఐసీకీ మధ్య మాత్రం అందరూ గీత దాటారు. మాస్టారు ఒక్కటీ తప్పలేదు. "గాత్రం ఒక అడుగు ముందుకు వచ్చిందండీ, మృదంగం తొప్పి కాస్త సాగింది" అన్నారు. ఏది ఏదో ఆయనకు తెలియకుండానే. తొప్పి అంటే మృదంగం ఎడమవైపు మొగం. పాటల మధ్య నిశ్శబ్దంలో వాల్వు సెట్టు వంద హెర్ట్‌జ్ హమ్ బయటపెట్టకుండా, పాట నడుస్తుండగా మాత్రమే మార్చాం. కాబట్టి ఆ దారిన దొరికిపోలేదు. పెదనాన్నగారి మాట నిలబడింది. వాల్వు వేరుగానే మోగుతోంది. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

అయితే ఎందుకు?

చైత్రం

ఉగాది వెళ్లాక కొలతలకు కూర్చున్నాను. యాంప్లిఫయర్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్ కొలవడం ఎవరైనా ఇంట్లో చేసుకోగల పని. చిన్న నాదం పంపి, ఔట్‌పుట్‌లో వోల్టేజి చూడాలి. తర్వాత ఎనిమిది ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి మళ్లీ చూడాలి. వాల్వు సెట్టును ఎప్పుడూ ఖాళీగా ఉంచకూడదు కాబట్టి దానికి పెద్ద విలువ రెసిస్టర్ ఒకటి ఉంచే చూశాను. రెండు వోల్టులున్నది ఎనిమిది ఓమ్‌లు తగలగానే 1.6కు దిగింది. అంటే ఆ యాంప్లిఫయర్ కడుపులో రెండు ఓమ్‌ల అడ్డు ఉన్నట్టు. ఐసీకి అదే పరీక్ష చేస్తే మీటరు కదల్లేదు.

తర్వాత స్పీకరు. వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ గుండా రకరకాల ఫ్రీక్వెన్సీలు పంపుతూ స్పీకరు మీద వోల్టేజి రాసుకుంటూ పోతే దాని ఇంపెడెన్స్ గీత తయారవుతుంది. మా "ఎనిమిది ఓమ్‌ల" స్పీకరు 200 హెర్ట్‌జ్ దగ్గర 6 ఓమ్‌లు. వూఫర్ తనంత తాను ఊగే 60 హెర్ట్‌జ్ దగ్గర 30. వూఫర్ నుంచి ట్వీటర్‌కు శబ్దం మారే క్రాసోవర్ దగ్గర, అంటే 2 కిలోహెర్ట్‌జ్ దగ్గర 22.

ఇక్కడే ముడి విడిపోయింది. రెండు ఓమ్‌ల అడ్డు వెనక 6 ఓమ్‌లుంటే స్పీకరుకు చేరేది ముప్పాతిక వోల్టేజి, అంటే రెండున్నర డీబీ నష్టం. 30 ఓమ్‌లుంటే నష్టం అర డీబీ. 22 ఉంటే ముప్పాతిక డీబీ. అంటే ఈ వాల్వు సెట్టు మా స్పీకరుతో జత కడితే 60 హెర్ట్‌జ్ దగ్గర, 2 కిలోహెర్ట్‌జ్ దగ్గర మిగతావాటికన్నా దాదాపు రెండు డీబీ ఎత్తి చూపిస్తుంది. మాస్టారు చెప్పిన రెండు మాటలూ ఆ రెండు చోట్లే. తొప్పి సాగింది 60 దగ్గర: అక్కడ ఎత్తు పెరగడమే కాదు, రెండు ఓమ్‌లు అడ్డుంటే యాంప్లిఫయర్ వూఫర్‌ను గట్టిగా పట్టుకోలేదు, అది ఇంకొంచెం ఊగి ఆగుతుంది. గాత్రం అడుగు ముందుకు వేసింది 2 కిలోహెర్ట్‌జ్ దగ్గర. గొంతుకు స్పష్టతనిచ్చే ప్రాంతం అది. కొలతలు చూడని మనిషి చెవితో చెప్పిన మాటను మీటరు అక్షరం పొల్లు పోకుండా ఒప్పుకుంది.

ఇది నిజమైతే ఐసీ వెనక రెండు ఓమ్‌లు పెడితే అదీ అలాగే మోగాలి. 1985లో అమెరికాలో బాబ్ కార్వర్ ఇలాంటి పందెమే కాశాడు. ఒక ఆడియో పత్రిక వాళ్లు ఎంచుకున్న ఖరీదైన యాంప్లిఫయర్ లాగే తన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌ను మోగిస్తానన్నాడు. రెండింటి ఔట్‌పుట్‌లనూ ఒకదానిలోంచి ఒకటి తీసివేసి, మిగిలేది దాదాపు సున్నా అయ్యేదాకా సరిచేశాడు. పత్రికవాళ్లు తేడా పట్టలేకపోయారు. నాకు అంత పని అక్కర్లేదు. ఒక్కో చానెల్‌కు ఒక తెల్ల సిమెంటు రెసిస్టర్, రెండు ఓమ్‌లు, పది వాట్లు. దాన్ని ఐసీ ఔట్‌పుట్‌కూ స్పీకరుకూ మధ్య టంకం వేసి, 400 హెర్ట్‌జ్ దగ్గర స్థాయి మళ్లీ కలిపాను.

మాస్టారిని మళ్లీ పిలిచాను. ఏం మార్చానో ఎవరికీ చెప్పలేదు. మామూలు వినికిడి స్థాయిలో అందరి లెక్కా సగానికి పడిపోయింది. మాస్టారు కూడా ఎనిమిది తొమ్మిది దగ్గర ఆగారు. చివరికి ఆయన, "ఇవాళ రెండూ ఒక్కటేనండీ. పోయినసారి నాకు నచ్చినదే రెండు పెట్టారు" అన్నారు. మూత తెరిచి ఆ తెల్ల రెసిస్టర్‌ను చూపించాను. ఆయన చాలాసేపు దాన్నే చూశారు. బాబాయి మాత్రం ధర అడిగారు; ఒక టీ ఖరీదు కూడా లేదు.

దీన్నిబట్టి వాల్వుల్లో ఏమీ లేదని నేను అనను. మా స్పీకరుతో, మా గదిలో, పది వాట్లకు లోబడి, పెదనాన్నగారి సెట్టు తీపి అంతా ఆ రెండు ఓమ్‌లలో ఉందని అంటాను. ఇంపెడెన్స్ గీత వేరేగా ఉన్న స్పీకరు పెడితే అదే రెండు ఓమ్‌లు వేరే చోట ఎత్తుతాయి, అప్పుడు అదే వాల్వు సెట్టు "మందంగా ఉంది" అనిపించుకోవచ్చు. యాంప్లిఫయర్ పలుకు అని మనం పిలిచేది యాంప్లిఫయర్‌ది ఒక్కదానిదే కాదు, ఆ జంటది.

స్థాయి బాగా పెంచినప్పుడు వాల్వు వేరుపడుతుంది. పది వాట్లకూ 38 వాట్లకూ మధ్య ఆరు డీబీ కూడా లేదు, కాని అంతర్వేది డోలు దెబ్బ సరిగ్గా ఆ ఆరు డీబీలోనే ఉంది. అక్కడ వాల్వు తరంగాల తలలను గుండ్రంగా నరుకుతుంది, ఐసీ ఇంకా నిటారుగా నిలబడి ఉంటుంది.

వైశాఖం

కాలువలు కట్టేశారు. ఎండలు ముదిరాయి. పగలు గదిలో కూర్చోలేక వినడం సాయంత్రానికి మార్చాను. అప్పుడు అనుకోనిది ఒకటి దొరికింది. ఈ డైరీలో నాకు అన్నిటికన్నా విలువైన పేజీ ఇదే.

పొద్దున తేడా లేదని తేలిన ఐసీ, క్లాస్-డి జత రాత్రి ఎనిమిది దాటాక వేరుపడింది. సన్నాయి మేళం గట్టిగా పెట్టినప్పుడు మాత్రమే. నలుగురిలో ముగ్గురు 12 దాటారు. నచ్చినది ఏదని అడిగితే ముగ్గురూ చూపించింది క్లాస్-డినే, చెవిలో గుచ్చుకుంటుందని పేరు పడ్డ ఆ చవక బోర్డునే. "మొదటి దానిలో డోలు పగులుతోంది" అంది మా ఆవిడ. పగిలింది ఐసీ.

ప్లగ్గులో మీటరు పెట్టి చూశాను. పొద్దున 230 ఉన్న కరెంటు 195. ఊరి చుట్టూ రొయ్యల చెరువులే. చీకటి పడ్డాక నీటిలో నాచు ఆక్సిజన్ ఇవ్వడం మానేసి తానే తీసుకోవడం మొదలుపెడుతుంది. అందుకని చెరువు చెరువుకూ ఏరియేటర్ చక్రాలు తిరగాలి, తెల్లవారేదాకా ఆగకూడదు. దానికి తోడు వేసవి కాబట్టి ఇంటింటా ఏసీలు. లైను చివర ఉన్న ఇళ్లకు మిగిలేది ఇంతే.

195 అంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిచే ఐసీకి ప్లస్, మైనస్ 30 వోల్టులు కాస్తా 25కు దిగుతాయి. పవర్ వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దాదాపు మూడో వంతు పోతుంది. డోలు దెబ్బ ఇందాకటి ఎత్తుకే లేస్తుంది, పైకప్పు కిందకు దిగింది. తల తగులుతుంది. ఓసిల్లోస్కోపులో అలల కొనలు కత్తిరించినట్టు చదునుగా కనిపించాయి. క్లాస్-డి బోర్డుకు ఇదేమీ పట్టదు. దాని ఎస్ఎంపీఎస్ 100 నుంచి 240 వోల్టుల దాకా ఏది వచ్చినా 24 ఇస్తూనే ఉంటుంది. పొద్దున రెండింటిలో తక్కువ పవరున్నది రాత్రికి మారకుండా నిలబడి గెలిచింది.

వాల్వు సెట్టు సంగతి ఇంకా దయనీయం. 6.3 వోల్టులు ఉండాల్సిన హీటర్లు 5.3 దగ్గర మసక ఎరుపులో వెలుగుతున్నాయి. వాల్వులకు అది మంచిది కాదు కాబట్టి రాత్రిపూట దాన్ని ముట్టుకోవడం మానేశాను.

మరుసటి వారం స్టెబిలైజరు ఒకటి అద్దెకు తెచ్చి ఐసీని దాని మీద నడిపాను. అదే వేళ, అదే మేళం, అదే స్థాయి. అందరి లెక్కా మళ్లీ సగానికి వచ్చింది.

ఈ ప్రాంతంలో యాంప్లిఫయర్లను పోల్చి తీర్పు చెప్పే ఎవరినైనా నేను ఇప్పుడు మొదట అడిగేది ఒక్కటే: ఎన్ని గంటలకు విన్నారు, అప్పుడు ప్లగ్గులో ఎన్ని వోల్టులున్నాయి? అది తెలియకుండా "ఐసీ గట్టిగా పెడితే విరుగుతుంది" అనే మాటకు విలువ కట్టలేం. విరిగేది ఐసీ కాకపోవచ్చు, మన ఫీడరు (ఊరికి కరెంటు తెచ్చే లైను) కావచ్చు.

వైశాఖం, అమావాస్య లోపు

ప్రస్తుతానికి హాల్లో క్లాస్-డి బోర్డే ఉంది. టేకు పలకతో చిన్న పెట్టె చేయించి, ఎస్ఎంపీఎస్‌ను బయట పెట్టాను. వాల్వు సెట్టు పొద్దుటి పూటకు, బాలమురళిగారి గాత్రానికి. 2ఎన్3055 సెట్టును మెకానిక్ బాబాయి అడిగారు, ఇచ్చేశాను. ఆయన చేతిలో అది ఇంకో నలభై ఏళ్లు మోగుతుంది.

తర్వాతి పని స్పీకరు మీద. క్రాసోవర్ దగ్గర 22 ఓమ్‌లకు లేచే కొండను రెసిస్టర్, కండెన్సర్, కాయిల్ సీరీస్‌లో కలిపి స్పీకరుకు అడ్డంగా కడితే చదును చేయవచ్చు. లెక్క వేసి ఉంచాను. అది కట్టాక వాల్వు, ఐసీ జతను రెసిస్టర్ లేకుండా మళ్లీ వినాలి. నా అంచనా సరైతే మాస్టారికి తొప్పి ఇంకా సాగినట్టే ఉండాలి, గాత్రం మాత్రం వెనక్కి తన చోటికి వెళ్లాలి. కాయిల్ చుట్టడానికి ఒక మిల్లీమీటరు ఎనామెల్ రాగి తీగ కావాలి. మోటారు వైండింగు చేసే కుర్రాడు రొయ్యల చెరువుల మోటార్ల పని ఒత్తిడి తగ్గాక ఇస్తానన్నాడు.